స్క్రబ్స్ కింద పిస్టల్: ఒక ఫార్మసిస్టు ప్రాజెక్టు డైరీ

జనవరి

డల్లస్‌కి ఉత్తరాన మాకో చిన్న మందుల షాపు ఉంది. మందులు నా వంతు, లెక్కలు మా వారి వంతు, రాత్రి షట్టర్ దించేది నేను. నొప్పి మాత్రల కోసం, దగ్గు సిరప్ కోసం ఫార్మసీల మీద పడే దొంగలు ఈ దేశంలో ఉన్నారని ఈ వృత్తిలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కౌంటర్ దగ్గర దోపిడీ జరిగితే అడిగింది ఇచ్చేసి పంపడమే మా షాపు నియమం. ఆ మాట స్టాఫ్‌కి కూడా చెప్పాను. గన్ అనుకున్నది దానికి కాదు. తాళం వేసి, చీకట్లో పార్కింగ్ లాట్ దాటి కారు ఎక్కేదాకా ఉండే ఆ కాసేపటికి, అదీ తప్పించుకునే దారి లేకపోతే.

ఇప్పుడు ఇంట్లో మూడు గన్లున్నాయి. మా వారు కొన్న గ్లాక్ 19 పిస్టల్. నేను షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చి చూసి కొనుక్కున్న చిన్న పిస్టల్ సిగ్ పీ365. మా తోడికోడలు చెయ్యి నొప్పెడుతోందని వద్దనుకుంటే మా ఇంటికొచ్చిన స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్. వీటిల్లో రోజూ ఏది పెట్టుకోవాలి, ఏది ఎప్పుడు మార్చాలి అన్నది తేల్చడమే ఈ ఏడాది పని. రేంజ్‌లో పరిచయమైనవాళ్ళలో చాలామంది చేతి గడియారాలు మార్చినట్టు గన్లు మారుస్తారు. సోమవారం ఒకటి, శనివారం ఇంకొకటి, పెళ్ళికి నికెల్ పూతది. వినడానికి సరదాగానే ఉంది. నాకు మాత్రం పొద్దున్నే పిల్లాడి లంచ్ బాక్సు కడుతూ "ఇవాళ ఏది?" అని ఆలోచించే ఓపిక లేదు.

మనవాళ్ళు చాలామంది తెలియక చేసేదొకటి ఉంది, అది ముందే చెప్పేస్తాను. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు గన్‌గానీ తూటాగానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి, అంతే. రేంజ్‌లో అద్దెకు తీసుకుని గంటసేపు కాల్చినా అదీ "దగ్గర ఉండటం" కిందికే వస్తుంది. వీకెండ్ సరదాకి స్నేహితుడితో వెళ్ళి, ఫోటో దిగి, ఫేస్‌బుక్‌లో పెట్టే కుర్రాళ్ళకి ఈ సంగతి తెలియదు. గ్రీన్‌కార్డు వచ్చేదాకా నేను రేంజ్ గుమ్మం తొక్కలేదు.

ఫిబ్రవరి

లైసెన్సు పని. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్ళు దాటి, వేరే నిషేధమేదీ లేనివాళ్ళు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ పెట్టుకుని తిరగొచ్చు. మరి లైసెన్సు ఎందుకంటారు మా వారు. నా కారణాలు రెండు. బడికి వెయ్యి అడుగుల లోపల గన్‌తో ఉండకూడదని ఫెడరల్ చట్టం ఒకటుంది. ఆ బడి ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్ళకి దాన్నుంచి మినహాయింపు. మా షాపు నుంచి ఇంటికి ఏ దారిన వెళ్ళినా ఒక బడి తగులుతుంది. రెండోది, న్యూ మెక్సికో వైపు వెళ్తే అక్కడ టెక్సస్ లైసెన్సు చెల్లుతుంది, ఊరికే "మా రాష్ట్రంలో అక్కర్లేదు" అంటే చెల్లదు.

పరీక్ష కష్టమేం కాదు. యాభై రౌండ్లు, అంటే తూటాలు: మూడు గజాల దగ్గర ఇరవై, ఏడు గజాల దగ్గర ఇరవై, పదిహేను గజాల దగ్గర పది. 250కి 175 వస్తే పాస్. గ్లాక్‌తో రాసి పాసయ్యాను. ఈ పరీక్ష చూసేది సరిగ్గా గురిపెట్టగలరా లేదా అన్నదే. బట్టల కిందనుంచి తీయడం ఇందులో లేదు, కంగారు లేదు. ఆ కార్డు జేబులో పెట్టుకుని "నాకు వచ్చేసింది" అనుకునేవాళ్ళని చూస్తే భయమేస్తుంది.

మార్చి: పోటీ

నాలుగోదిగా స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీని కూడా అద్దెకు తీసుకుని కలిపాను. ఆడవాళ్ళకి, కీళ్ళ నొప్పులున్నవాళ్ళకి అందరూ సిఫారసు చేసేది ఇదే. స్లైడ్, అంటే పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం, తేలిగ్గా వెనక్కి వస్తుంది. పిడిలో దూర్చే తూటాల పెట్టె, అంటే మ్యాగజైన్, నింపడం సులువు. పిడి వెనక ఒక మీట ఉంటుంది. అరచేత్తో గట్టిగా పట్టుకుంటేనే అది నొక్కుకుని గన్ పేలుతుంది. నిజంగా చేతుల్లో బలం తగ్గినవాళ్ళకి మంచి వస్తువే. నా మటుకు స్లైడ్ లాగడం బలంకన్నా పద్ధతికి సంబంధించిన పని అనిపించింది. ఎడమచేత్తో స్లైడ్‌ని కదలకుండా పట్టుకుని కుడిచేత్తో పిడిని ముందుకు తోస్తే గ్లాక్ కూడా లొంగుతుంది.

తూకం, కొలత మాటకొస్తే: గ్లాక్ 19 ఖాళీగా సుమారు 670 గ్రాములు, నాలుగంగుళాల గొట్టం, మ్యాగజైన్‌లో పదిహేను. పీ365 దాదాపు అరకిలో, మూడంగుళాల చిల్లర గొట్టం, మ్యాగజైన్‌లో పది. 2018లో ఇది వచ్చినప్పుడు ఇంత చిన్న ఒంట్లో పది ఎలా పట్టించారా అని అందరూ ఆశ్చర్యపోయారు. 642 నాలుగొందల గ్రాములు, ఐదు తూటాలు, సుత్తి లోపలే దాగి ఉంటుంది కాబట్టి బట్టల్లో చిక్కుకోదు.

తేలిగ్గా ఉండేది ఆడవాళ్ళకి సుఖం అన్నది ఈ వ్యాపారంలో బాగా అమ్ముడుపోయే అబద్ధం. అదే తూటా, అదే తుపాకీ మందు. గన్ బరువు తగ్గేకొద్దీ తన్నుడు పెరుగుతుంది. 642 ట్రిగ్గర్ నొక్కాలంటే వేలికి ఐదున్నర కిలోల దాకా బలం కావాలి, అంటే గన్ బరువుకి పదింతలకి పైన. గ్లాక్‌కి రెండున్నర కిలోలు చాలు. వేలు అంత గట్టిగా లాగుతుంటే గన్ ముక్కు కిందికి వాలకుండా పట్టుకోవడం చాలా సాధన మీద వచ్చే విద్య. చిన్న రివాల్వర్ అసలు బాగా చేయి తిరిగినవాళ్ళ ఆయుధం. దాన్ని గులాబీ రంగు పిడి వేసి మొదటిసారి కొనేవాళ్ళకి చూపిస్తారు. మా తోడికోడలు వద్దనడంలో వింతేముంది?

పరీక్ష ఒకటే పెట్టుకున్నాను: ఐదు గజాల దూరం, ఐదంగుళాల వలయం, ఐదు తూటాలు, ఐదు సెకన్లు. రేంజ్‌లో అడుగుపెట్టగానే మొదట చేసే పని అదే. చేయి వేడెక్కాక వచ్చే ఫలితం నాకు అక్కర్లేదు. పార్కింగ్ లాట్‌లో ఎవరూ ముందు ప్రాక్టీసు చేసుకోనివ్వరు కదా. గ్లాక్‌తో ఇబ్బంది లేదు. పీ365తో చిటికెన వేలు జారినరోజు ఒకటి బయటికి పోయేది. చివర కాస్త పొడుగున్న పన్నెండు రౌండ్ల మ్యాగజైన్ పెట్టాక వేలికి చోటు దొరికింది, సర్దుకుంది. 642తో ఐదూ లోపల పడాలంటే ఐదు సెకన్లు దాటిపోయేది. వాడ్‌కట్టర్ అని ముక్కు చదునుగా ఉండే 148 గ్రెయిన్ల (తూటా బరువుకి కొలత) తూటా ఉంటుంది, అది మెత్తగా పేలుతుంది. దాంతో కొంత నయం.

మార్చి చివర: తూటా గురించి కొంచెం

తూటా అడ్డుకొలత 9 ఎంఎం చాలదు, ఇంకా పెద్దది .45 కావాలి అనే పెద్దమనుషులు ప్రతి రేంజ్‌లో ఇద్దరుంటారు. ఈ వాదనకో చరిత్ర ఉంది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్‌బీఐ వాళ్ళకీ ఇద్దరు బ్యాంకు దొంగలకీ కాల్పులు జరిగాయి, ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. ఒక దొంగకి మొదట్లోనే తగిలిన 9 ఎంఎం తూటా గుండెదాకా వెళ్ళకుండా ఆగిపోయింది, అతను ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. దాంతో ఎఫ్‌బీఐ పెద్ద తూటా వైపు మళ్ళింది, 1990లో .40 పుట్టింది. తూటా, ఒంటికి బదులు పరీక్షకి వాడే జెలటిన్‌లో పన్నెండు నుంచి పద్దెనిమిది అంగుళాలు దిగాలన్న ప్రమాణం కూడా అప్పటిదే. ఆ ప్రమాణం పెట్టుకుని కంపెనీలు 9 ఎంఎంని బాగుచేసుకుంటూ వచ్చాయి. 2010ల మధ్యకొచ్చేసరికి ఎఫ్‌బీఐ తిరిగి 9 ఎంఎంకే వచ్చేసింది. తన్నుడు తక్కువ, మ్యాగజైన్‌లో ఎక్కువ పడతాయి, ఎక్కువమంది సరిగ్గా కాల్చగలుగుతారు.

నేను ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ 124 గ్రెయిన్ల హాలో పాయింట్ తీసుకున్నాను. ముక్కు గుల్లగా ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్ళగానే విచ్చుకుంటుంది, దాటిపోయి వెనక ఉన్నవాళ్ళకి తగిలే ప్రమాదం తగ్గుతుంది. ప్రాక్టీసుకి మామూలు గుండ్రటి ముక్కుది. క్యారీ తూటా, అంటే రోజూ గన్‌లో పెట్టుకుని తిరిగేది, ఖరీదైనదే, అయినా అదే గన్‌లో, అదే మ్యాగజైన్‌లో కొన్ని పెట్టెలు కాల్చి చూడకుండా నమ్మడం లేదు.

ఏప్రిల్ – మే: బట్టలు

ఈ ప్రాజెక్టులో సగం టైము బట్టలే తిన్నాయి. మగవాళ్ళకి జీన్స్, గట్టి బెల్టు, పైన వదులు చొక్కా, అక్కడితో అయిపోతుంది. నేను రోజంతా స్క్రబ్స్‌లో, అంటే ఆసుపత్రుల్లో వేసుకునే వదులు చొక్కా, ప్యాంటులో ఉంటాను. నడుముకి ఉండేది బొందు. అరకిలో గన్ దానికి తగిలిస్తే ప్యాంటే జారుతుంది. బెల్టు అనే మాటే లేదు.

మొదట అందరూ చెప్పేది తెల్లకోటు జేబు. 642ని జేబు హోల్‌స్టర్‌లో (గన్ తొడుగులో) పెట్టి కోటులో వేసుకో, సరిగ్గా పడుతుంది అంటారు. పడుతుంది, నిజమే. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆ కోటు కుర్చీకి తగిలిస్తాను కదా. సాయంత్రం పిల్లాడు బడినుంచి వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుని హోంవర్కు చేస్తాడు. ఆ ఆలోచన అక్కడే ఆపేశాను. హ్యాండ్‌బ్యాగు సంగతీ అంతే. కౌంటర్ మీద పెడతాం, షాపింగ్ కార్ట్‌లో వదిలేస్తాం, పిల్లలు చూయింగ్ గమ్ కోసం చేయి పెడతారు. బ్యాగు లాక్కుపోతే గన్ కూడా వాడిదే. ఒంటిమీద లేని గన్ నా దగ్గర ఉన్నట్టు కాదని రాసి పెట్టుకున్నాను.

ఆ తర్వాత బెల్లీ బ్యాండ్, అంటే నడుముకి చుట్టే సాగే పట్టీ. చూడటానికి సుఖంగా ఉంటుంది. గుడ్డ మెత్తన కాబట్టి ట్రిగ్గర్ చుట్టూ గట్టి కవచం ఉండదు. గుడ్డ మీదనుంచి వేలితో నొక్కి చూశాను. గన్ ఖాళీ, రెండుసార్లు చూసుకుని, గదిలో (పేలేముందు తూటా కూర్చునే చోట, ఛాంబర్‌లో) తూటా అనేది లేకుండా. ట్రిగ్గర్ కదిలింది! ఇంక దానితో మాటల్లేవు. హోల్‌స్టర్ అంటే ట్రిగ్గర్‌ని పూర్తిగా మూసే గట్టి కైడెక్స్ ప్లాస్టిక్ పెంకు. సుఖం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

చివరికి కుదిరింది ఫిల్‌స్టర్ ఎనిగ్మా. కైడెక్స్ హోల్‌స్టర్‌ని ఒక పలుచటి పలకకి బిగించి, ఆ పలకని సొంత పట్టీతో ఒంటికే కట్టుకునే ఏర్పాటు. ప్యాంటుతో సంబంధం లేదు. పైన స్క్రబ్స్ అయినా లెగ్గింగ్స్ అయినా ఒకటే. గన్ తీసేటప్పుడు మొత్తం పైకి రాకుండా తొడకి ఒక తాడు కూడా ఉంటుంది. మొదటి వారం ఒరుసుకుని నడుం మీద ఎర్రగా కమిలింది. పలక ఒక మర తిప్పు అటు, పట్టీ ఒక వేలు కిందికి, హోల్‌స్టర్ కింద చిన్న నురుగు ముక్క. ఆ ముక్క గొట్టాన్ని బయటికి తోస్తే పిడి లోపలికి వాలుతుంది, చొక్కాలోంచి పొడుచుకు రాదు. ఈ సర్దుబాట్లు చేశాక అలమారాలో వంగినా, కింద అరలోంచి ఇన్సులిన్ తీసినా కనబడటం లేదు. గ్లాక్ 19 కూడా కట్టుకోవచ్చు గానీ నా ఒంటికి పిడి పొడుగు ఎక్కువ. దాగడం కష్టమయ్యేది గొట్టం వల్ల కాదు, పిడి వల్ల. ఈ సంగతి కొనేముందు ఎవరూ చెప్పరు.

చీర? చూశాను. కుచ్చిళ్ళు సరిగ్గా గన్ ఉండాల్సిన చోటే వస్తాయి. వాటిని దాటి తీయాలంటే ముందు చీర విప్పాలి. చీర కట్టిన రోజు గన్ లేదు, అంతే. చీర కట్టేది ఎలాగూ పెళ్ళిళ్ళకీ గుడికీ. మా గుడి గుమ్మం పక్కన 30.06 బోర్డు ఉంది. ఇంగ్లీషులో, స్పానిష్‌లో, అంగుళం ఎత్తు అక్షరాలతో ఉండాలని చట్టంలోనే ఉంది. అది ఉన్నచోటికి లైసెన్సు ఉన్నా దాచిన గన్‌తో వెళ్ళకూడదు.

జూన్: మార్చడం ఎందుకు మానుకున్నాను

జనవరిలో వేసుకున్న పథకం ఇది: పనిరోజుల్లో పీ365, చలికాలంలో గ్లాక్, వేసవిలో ఎండ ఎక్కువున్నప్పుడు 642. కాగితం మీద బాగుంది. కొన్ని వారాలు అలా చేసి చూశాక మూడు విషయాలు తేలాయి.

మొదటిది చేతికి సంబంధించింది. గ్లాక్ ట్రిగ్గర్ చిన్నగా, తేలిగ్గా వస్తుంది. 642ది పొడుగు, బరువు. ఈజీకి పిడి మీట ఉంది. భయంలో బుర్ర పనిచేయదు, చేయి అలవాటు కొద్దీ కదులుతుంది. ఆ అలవాటు ఇవాళొకటి, రేపొకటి అయితే దానికి అలవాటనే పేరెందుకు? సిగ్ పీ365 సేఫ్టీ మీట ఉన్నదీ, లేనిదీ రెండు రకాలు దొరుకుతుంది. మాది లేనిది. గ్లాక్‌కీ లేదు. ఈ రెండింటి మధ్య మారితే చేయి తికమక పడదు.

రెండోది ఇంకా ముఖ్యం. గన్ మార్చిన ప్రతిసారీ ఒకదాన్ని ఖాళీ చేయాలి, ఇంకోదాన్ని నింపాలి. అనుకోకుండా పేలే ప్రమాదం ఇలా తీసి, పెట్టి, నింపి, దించేటప్పుడు ఉంటుంది. ఒంటిమీద హోల్‌స్టర్‌లో ఊరికే ఉన్న ఆధునిక పిస్టల్ సాధారణంగా తనంతట తాను పేలదు. దాన్ని చేత్తో తాకేసరికి ప్రమాదం మొదలవుతుంది. రోజుకో గన్ అంటే రోజూ పొద్దున్నే, నిద్రకళ్ళతో ఆ పని.

మూడోది క్యాలిపర్‌తో, అంటే సన్నటి తేడాలు కొలిచే పనిముట్టుతో పట్టుకున్నాను. పిస్టల్ ఖాళీ చేసి మళ్ళీ నింపినప్పుడల్లా సాధారణంగా అదే పైతూటా గదిలోకి వెళ్తుంది. స్లైడ్ దాన్ని విసురుగా ముందుకు తోస్తుంది, ముక్కు లోపలి వాలుకి కొట్టుకుంటుంది. ఇలా పదేపదే జరిగితే తూటా ముందు భాగం, అంటే బుల్లెట్, మందు ఉండే ఇత్తడి తొడుగులోకి కొద్దికొద్దిగా దిగిపోతుంది. లోపలి జాగా తగ్గితే మందు పేలినప్పుడు ఒత్తిడి ఉండాల్సినదానికన్నా పెరుగుతుంది. క్యారీలో తిరుగుతున్న ఒక తూటాని, పెట్టెలోంచి తీసిన కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి కొలిస్తే తేడా స్పష్టంగా కనబడింది. కొలవక ముందే కంటికి ఆనింది. అది పక్కకి వెళ్ళిపోయింది. రివాల్వర్‌లో ఇది తలకిందులు: తేలికపాటి గన్ గట్టిగా తన్నితే పేలని తూటాల బుల్లెట్లు ముందుకి జారి, సిలిండర్ తిరగకుండా పట్టేయవచ్చు.

అప్పటినుంచి నేను తిప్పేది తూటాల్నే, గన్‌ని కాదు. ప్రతి తూటా అడుగున మార్కర్‌తో చిన్న గీత: గదిలోకి ఒకసారి వెళ్తే ఒక గీత, రెండు గీతలైతే ప్రాక్టీసు డబ్బాలోకి. మ్యాగజైన్లకి తెల్లరంగుతో నంబర్లు. క్యారీవి వేరు, రేంజ్‌వి వేరు. ఏ నంబరు మ్యాగజైన్ మొరాయించినా అది అక్కడితో రేంజ్‌దే. క్యారీ తూటాలన్నీ ఏడాదికోసారి కాల్చేసి కొత్తవి నింపడం. ఖర్చే, తప్పదు.

జూలై: తీయకుండా తీయడం

రోజులో గన్ పెట్టుకోకూడని చోట్లు టెక్సస్‌లో కూడా తక్కువేం లేవు. బడి భవనం, కోర్టు, పోలింగ్ బూత్, 30.06 బోర్డు పెట్టిన ఆసుపత్రి, విమానాశ్రయంలో తనిఖీ దాటిన భాగం, సగానికిపైగా రాబడి మద్యం అమ్మకం మీద వచ్చే బార్లు. వాటికి ఎర్రటి 51 శాతం బోర్డు ఉంటుంది. బడి పార్కింగ్ దాకా కారులో వెళ్ళొచ్చు, పేరెంట్ టీచర్ మీటింగ్‌కి లోపలికి వెళ్ళాలంటే గన్ కారులోనే ఉండాలి. కార్లలోంచి దొంగతనంగా పోయే గన్ల సంగతి తెలుసు కాబట్టి సీటు కింద ఇనుప తీగతో బిగించిన లాక్ బాక్స్ పెట్టాం.

ఇక్కడ నేర్చుకున్న కిటుకు చిన్నది, నాకు చాలా పనికొచ్చింది. గన్‌ని హోల్‌స్టర్‌లోంచి తీయను. హోల్‌స్టర్‌తో సహా విప్పి, అలాగే పెట్టెలో పెడతాను. ట్రిగ్గర్ ఎప్పుడూ పెంకు లోపలే. ఇంట్లో కూడా అంతే. రాత్రి వచ్చాక హోల్‌స్టర్‌తో సహా మంచం పక్క సేఫ్‌లోకి. ఖాళీ చేయాల్సి వస్తే గరాజ్‌లో ఇసుక నింపిన బక్కెట్టు ఉంది, గొట్టం దానివైపే.

మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. బక్కెట్టు చూసి తులసి మొక్కకని అనుకున్నారు. సంగతి చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత "చంటాడున్న ఇంట్లో ఇదేం పనమ్మా? వాడి చేతికి అందదని నువ్వు చెప్తే సరిపోతుందా?" అన్నారు. సరిపోదని నాకూ తెలుసు. సేఫ్ తాళం ఎలా పడుతుందో ఆవిడ చేతే తీయించి, వేయించాను. పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి అందేలా నిండిన గన్ వదిలేస్తే టెక్సస్‌లో అది పెద్దవాళ్ళ నేరం అని చెప్పాను. "చట్టం సంగతి సరే, వాడికి చెప్పావా?" అన్నారు. అది చెప్పాం: కనబడితే ముట్టుకోకు, అక్కణ్ణుంచి వెళ్ళిపో, పెద్దవాళ్ళకి చెప్పు. వేరేవాళ్ళ ఇంట్లో అయినా అంతే. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదుగానీ, రోజూ రాత్రి సేఫ్ తలుపు ఒకసారి లాగి చూసి పడుకుంటున్నారు. నాకది మంచి అలవాటుగానే ఉంది.

ఆగస్టు: చెమట, తర్వాత ప్రయాణం

నలభై డిగ్రీలు. ఒంటికి ఆనుకుని ఉండే ఇనుముకి ఉప్పుచెమట శత్రువు. వారానికోసారి పైపైన తుడిచి పలుచగా నూనె, గొట్టం ముక్కులో చేరిన నూగు దూది పుల్లతో తీయడం. మర మేకుల తలల మీద ముందు తుప్పు కనబడుతుంది, స్లైడ్ మీద కాదు. బిగుతు కోసం ఎనిగ్మా మరలకి నీలం లాక్‌టైట్ పెట్టాను. చెమటకీ కదలికకీ అవి వదులవుతాయి. వేసవిలో 642 పెట్టుకోవాలనుకున్నది ఎందుకో ఇప్పుడు గుర్తు రావడం లేదు. పీ365తోనే వేసవి గడిచిపోతోంది.

ఈ నెలాఖరుకి ఇండియా ప్రయాణం. రేంజ్‌కి వాడిన బ్యాగు ఏదీ సామాన్లలో చేర్చకూడదన్నది మా ఇంటి కట్టుబాటు. అమెరికా నుంచి వెళ్ళినవాళ్ళ బ్యాగు మూలలో ఒక్క తూటా మిగిలిపోయి శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో స్క్రీనింగ్‌లో బయటపడితే 1959 ఆయుధాల చట్టం కింద కేసే. తెలిసి దగ్గర పెట్టుకోలేదని తేలితే కోర్టులు కొట్టేసిన సందర్భాలున్నాయి. అది తేలేలోపు పాస్‌పోర్టు, టికెట్, సెలవు అన్నీ పోతాయి. రేంజ్‌కి ఎర్ర బ్యాగు. దాన్ని మరో పనికి వాడం. అయినా సూట్‌కేసులన్నీ బోర్లించి, లైనింగులు తడిమి మరీ సర్దాను.

ఊళ్ళో పెదనాన్నగారి పన్నెండు బోరు తుపాకీ చూశాను. ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చేసి, రసీదు తీసుకుని, మళ్ళీ తెచ్చుకోవడమే ఆయనకి దానితో ఉన్న ముఖ్యమైన పని. నేను రోజూ నడుముకి 9 ఎంఎం పెట్టుకుంటానంటే నమ్మలేదు. ఇండియాలో 9 ఎంఎం మామూలు పౌరుడికి నిషిద్ధ బోరు. లైసెన్సున్నవాళ్ళ దగ్గర ఎక్కువగా కనబడే పిస్టల్ .32. "అంత భయమైతే అక్కడెందుకమ్మా ఉండటం?" అన్నారు. జవాబు చెప్పడం తేలిక కాదు, చెప్పలేదు కూడా.

అక్టోబరు

ఆయుధపూజకి గన్లు బయటపెట్టి బొట్లు పెడదామన్నారు మా వారు. ఇంటినిండా చుట్టాలు, పిల్లలు. సేఫ్ తలుపుకి పసుపు, కుంకుమ పెట్టి హారతిచ్చాం. లోపలున్నవాటికి అదే చాలు.

ఇంట్లో సాధన కొనసాగుతోంది. డ్రై ఫైర్ అంటే తూటాల్లేకుండా తీయడం, గురిపెట్టడం, నొక్కడం. తూటాలన్నీ వేరే గదిలో, తలుపు మూసి. జెఫ్ కూపర్ చెప్పిన నాలుగు సూత్రాలు సేఫ్ లోపలివైపు అంటించాం: ప్రతి గన్నూ నిండిందనే అనుకో, నాశనమైనా ఫర్వాలేదనుకున్నదాని వైపు తప్ప గొట్టం తిప్పకు, గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు, గురి ఏదో దాని వెనక ఏముందో తెలుసుకో. అద్దం ముందు, స్క్రబ్స్‌లోనే చేస్తాను. చొక్కా అంచు ఎడమచేత్తో పైకి లాగడం దగ్గరే సగం సమయం పోతోంది. చొక్కా పూర్తిగా ఛాతీదాకా రాకపోతే పిడితోపాటు గుడ్డ కూడా చేతిలోకి వస్తుంది. ఇది రేంజ్‌లో తెలియదు, చాలా రేంజ్‌లలో హోల్‌స్టర్‌లోంచి తీయనివ్వరు. తిరిగి హోల్‌స్టర్‌లో పెట్టేటప్పుడు మాత్రం తొందరే లేదు. కళ్ళతో చూస్తూ, గుడ్డ అడ్డం లేదని తేల్చుకుని, నెమ్మదిగా.

642 మళ్ళీ పనికొచ్చింది, క్యారీకి కాదు. దాని బరువు ట్రిగ్గర్‌ని గురి చెదరకుండా లాగడం అలవాటైతే గ్లాక్, సిగ్ రెండూ ఆటలా అనిపిస్తున్నాయి. ప్రతి రేంజ్ రోజూ మొదట దానితో, వాడ్‌కట్టర్లతో కొద్దిగా. తోడికోడలికి తిరిగిస్తానన్నా తీసుకోలేదు.

డిసెంబరు: ప్రస్తుత స్థితి

ఒంటిమీద: పీ365, పన్నెండు రౌండ్ల మ్యాగజైన్, ఎనిగ్మా. ఏడాది పొడుగునా అదే. రాత్రి మంచం పక్క సేఫ్‌లో: గ్లాక్ 19, ముందు టార్చి బిగించి. ఇంట్లో దాచాల్సిన పని లేదు కాబట్టి పెద్దదే మేలు. పీ365 బాగుచేయడానికి పంపాల్సి వస్తే ఆ రోజులకి గ్లాక్‌ని జీన్స్, బెల్టుతో షాపుకి. మారేది అప్పుడొక్కటే. ఈజీని కొనలేదు.

మిగిలిన పనులు: పీ365 మీద హోలోసన్ ఎర్రచుక్క సైట్, అంటే గురి చూపే చిన్న అద్దం, పెట్టాలా వద్దా. దగ్గరదృష్టి మసకవుతోంది, ముందు సైట్ స్పష్టంగా కనబడటం లేదు. పెడితే స్లైడ్ మార్చాలి, హోల్‌స్టర్ మార్చాలి, బ్యాటరీ ప్రతి జనవరిలో మార్చాలి. రేంజ్‌లో ఒకరి గన్ అడిగి కాల్చి చూడాలి. క్యారీ తూటాలు ఏడాది తిరిగాయి, వచ్చే శనివారం కాల్చేయాలి. మూడో నంబరు మ్యాగజైన్‌లో ఆఖరి రౌండు తర్వాత స్లైడ్ వెనక ఆగడం లేదు. దాన్ని రేంజ్ డబ్బాలో పడేశాను, కొత్త మ్యాగజైన్ ఆర్డర్ పెట్టాలి.